నూరవ్వ నోట పెట్టిన మాటలు

మధ్యాహ్నం మూడు కొట్టేసరికి హనుమండ్లు ఇంటి ముందర్రలో చాటలు చేరేవి. ఒక్కో చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన గుప్పెడు తంబాకు, అంచున దారపు ఉండ. చాట వెనకాల ఒక ఆడమనిషి. మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లల్లో బీడీలు చేసే చేతులకు కండ్లతో పని లేదు. ఆకులో తంబాకు పోసి చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం అన్నీ వేళ్లకే తెలుసు. కండ్లు ఎటైనా పోవచ్చు. ఆ కండ్లన్నీ గోడ మీది టీవీకి అతుక్కుని ఉండేవి.

టీవీలో అరబ్బీ సీరియల్ వచ్చేది. అందులో ఒక్క ముక్క కూడా ఆ ఆడవాళ్లకు తెలియదు. తెలిసిన మనిషి ఒక్కడే అని వాళ్ల నమ్మకం. ఆయన గోడకానుకొని కుర్చీలో కూర్చునే హనుమండ్లు. పద్దెనిమిదేండ్లు మస్కట్‌లో ఉండి వచ్చినవాడు. తెర మీది ఆడమనిషి మాట్లాడుతుంటే ఆయన తెలుగులో చెప్పేవాడు, వీళ్లు వినేవాళ్లు.

వింత ఏమిటంటే హనుమండ్లు మాట్లాడే మనిషే కాదు. టైమెంతయిందని అడిగితే గోడ గడియారం దిక్కు గడ్డం చూపేవాడు. అన్నం చాలనడానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ సైగలతోనే భార్య బుచ్చవ్వ నలభై ఏండ్లు సంసారం నెట్టుకొచ్చింది. ఎదురింటి రమ ఆయనకు వరసకు మరదలు. నోటికి అడ్డు లేని మనిషి.

"మా బావ మాటలన్ని మస్కట్‌లనే మర్చి వచ్చిండు. సూట్‌కేసుల పట్టలేదట" అనేది.

ఆ టీవీ, ఆ సీరియల్ వానకాలం మొదట్లో వచ్చాయి. నిర్మల్‌లో ఉన్న బిడ్డ, తల్లి ముఖం రోజూ ఫోన్‌లో చూడాలని పోరుపెట్టి ఇంటికి ఇంటర్నెట్ వైరు వేయించింది. వైరు గుంజడానికి వచ్చిన కైలాసం టీవీ కూడా దానికి కలిపి, "ఇగ లోకంల ఉన్న టీవీలన్ని నీ ఇంట్లకే వస్తయి కాకా. ఏది పెట్టాలె?" అన్నాడు.

హనుమండ్లు చాలాసేపు వైరు దిక్కు చూశాడు. ఆ తర్వాత, "మస్కట్ దిక్కుది ఏమన్న వస్తదా?" అన్నాడు.

వచ్చింది. టీవీ ఒక్కటే కాదు, ఫోన్‌లో రేడియో కూడా. కైలాసం వేలిముద్ర వేసినట్టు ఒక్క వేలుతో నొక్కి చూపించి పోయాడు.

ఆ మరునాటి నుంచి హనుమండ్లు పొద్దున పసుపు చేనుకు పోతూ చెవిలో వైరు పెట్టుకునేవాడు. ఆ రేడియోలో ఒక మనిషి గొంతు, బొంగురుగా, తీరిగ్గా. మధ్యమధ్య తంత్రుల వాద్యం. ఎండెంత, గాలి ఎటు నుంచి, సముద్రం ఎట్లున్నది అని చెప్పే మాటలు. అన్నీ అర్థం కాకపోయినా ఆ గొంతు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ లేస్తుందో ఆయనకు తెలుసు. చేను గట్టు మీద కూర్చుంటే ఖర్జూరపు తోట, తోటలో పారే కాలువ, కాలువ ఒడ్డున రేకుల గుడిసె, గుడిసెలో మేకుకు వేలాడే పాత ట్రాన్సిస్టర్ కండ్ల ముందుకు వచ్చేవి. ఆ సుఖం అనుభవిస్తుండగానే దొంగతనం చేసినట్టు గుండె కొట్టుకునేది. బుచ్చవ్వ సద్దితో గట్టెక్కిందంటే చాలు, చెవిలోంచి వైరు పీకి అంగీ జేబులో కుక్కేవాడు. రేడియో వినడానికి ఎవరైనా దాక్కుంటారా? హనుమండ్లు దాక్కున్నాడు. దానికి కారణం ఉన్నది.

సీరియల్ సంగతి వేరే. మొదటి రోజు అది వస్తుంటే బుచ్చవ్వ, రమ ఇద్దరే ఉన్నారు. తెర మీద ఒకామె తలుపు పట్టుకొని ఏడుస్తున్నది.

"ఏమంటుందయ్యా ఆమె?" బుచ్చవ్వ అడిగింది.

హనుమండ్లుకు వచ్చిన అరబ్బీ నలభై మాటలు. రా, పో, నీళ్లు, మేక, రేపు, అయిపోయింది. తోటమాలికి, మేకలకాపరికి అంతకన్నా అక్కర పడలేదు. తెర మీది ఆమె మాటల్లో ఆ నలభైలో ఒక్కటీ తగల్లేదు. తెలియదని గడ్డం అడ్డం తిప్పితే అయిపోయేది. రమ ఊరుకోలేదు.

"పద్దెనిమిదేండ్లు ఉండి గిది గూడ రాదా బావా? ఆడ మేకలతోనే మాట్లాడినవా ఏంది?"

ఉన్నమాటే కావడం వల్ల అది సూదిలా దిగింది. "ఆమె పేరు నూరు" అన్నాడు హనుమండ్లు. "పెనిమిటి దూరం పోయిండు. ఏండ్లయింది. రాలే. గందుకే ఏడుస్తుంది."

అట్లా ఆమె నూరవ్వ అయింది. మరునాడు నాలుగు చాటలు, వారం తిరిగేసరికి ఏడు చాటలు. ముసలి పోశవ్వ కూడా కట్టె పట్టుకొని వచ్చి కూర్చునేది. హనుమండ్లుకు తనలో అన్ని మాటలు ఉన్నాయని అప్పటిదాకా తెలియదు. నూరవ్వ అత్తను తిడితే తిట్టేవాడు, బిడ్డను ముద్దు చేస్తే ముద్దు చేసేవాడు. రెండు నెలల్లో మాట్లాడినంత ఆయన రెండు పదుల ఏండ్లల్లో మాట్లాడలేదు. బుచ్చవ్వ మాత్రం తెర చూసేది కాదు. తల వంచుకొని బీడీలు చుడుతూ వినేది.

ఆ వినే ఆడవాళ్లలో నవనీత ఒకతి. మూడిండ్ల అవతల ఉండే ముప్పై ఏండ్ల కోడలుపిల్ల. పెనిమిటి గోపాల్ గల్ఫ్‌కు పోయి మూడేండ్లు. మొదట రోజూ ఫోన్ చేసేవాడు, తర్వాత వారానికోసారి, ఏడాదిన్నర నుంచి అసలే లేదు. కంపెనీ విడిచిపెట్టి కాగితాలు లేకుండా తిరుగుతున్నాడని విన్నది. అట్లాంటివాణ్ని అక్కడి మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి అయినవాడికి ఫోన్ చేసేందుకు రెండు నిమిషాలు కూడా దొరకవా అన్నది ఆమె కోపం. నూరవ్వ కథ వచ్చేటప్పుడు ఆమె చాటలో చేతులు అప్పుడప్పుడు ఆగిపోయేవి.

ఒక మంగళవారం తెర మీద నూరవ్వ ఇంటి తలుపు ఎవరో కొట్టారు. తీస్తే ఒక గడ్డపాయన, చేతిలో పెట్టె.

"వచ్చిండే!" అని రమ కేకేసింది. "నూరవ్వ మొగడు వచ్చిండు!"

అతను మొగడో కాదో హనుమండ్లుకు తెలియదు. అయినా ఆ పెట్టె మీదే ఆయన చూపు నిలిచింది. ఇరవై ఏండ్ల కింద అట్లాగే ఒక పెట్టె పట్టుకొని తాను ఈ గుమ్మం ముందే నిలబడ్డాడు. చివరి దఫా పోయినప్పుడు నాలుగేండ్లున్న బిడ్డకు అప్పటికి పదేండ్లు. తనను చూసి తలుపు చాటుకు పోయింది. ఆరేండ్లు రాలేదు, ఉత్తరం రాయలేదు. మధ్యలో తల్లి చచ్చిపోయింది. బుచ్చవ్వ ఒక్కతే నాట్లు వేసుకొని, బీడీలు చేసుకొని, అత్తను సాగనంపింది. అయినా ఆ రోజు ఒక్క మాట అనలేదు. కాళ్లకు నీళ్లిచ్చింది, చాప పరిచింది. "కఫీలు సెలవియ్యలే" అని తనే చెప్పాడు. ఊరంతా అయ్యో అన్నది. తోట యజమాని ఎంత రాక్షసుడో అని ఇప్పటికీ అంటారు.

ఆ యజమాని రెండుసార్లు టికెట్ చేతిలో పెట్టాడు. రెండోసారైతే తల్లి పోయిన కబురు చెప్పి, వీపు నిమిరి, పోయి రమ్మన్నాడు. ఖర్జూరం కోతలున్నాయని హనుమండ్లే పోలేదు. జైలు లేదు, ఇంకో ఆడది లేదు, తాగుడు లేదు. ఆ తోటలో, ఆ కాలువ ఒడ్డున, ఆ రేడియో వింటూ ఎవరికీ ఏమీ చెప్పక్కర లేకుండా ఉండటం బాగుండింది. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఒకటి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు వెతుక్కున్నాడు. దొరకలేదు.

తెర మీద నూరవ్వ నోరు తెరిచింది. హనుమండ్లు కూడా తెరిచాడు.

"ఎందుకొచ్చినవు అంటుంది. ఆరేండ్లు ఉన్ననా సచ్చిన్నా అని అడిగినవా అంటుంది. మీ అవ్వ నీ పేరు పిలుసుకుంట పాణమిడిసె, పిడికెడు మన్ను ఎయ్యరాలే. నీ బిడ్డకు నీ ముఖం ఎర్క లేదు. నీకెవ్వడు అడ్డం రాలే. నీకు ఆడ మంచిగుండె, గందుకే ఉన్నవు. గీ ఇంట్ల నీకు సాప లేదు, నీళ్లు లేవు. పో అంటుంది. పో!"

ఎప్పుడు లేచాడో, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అర్రలో ఒక్క చేయి కదలలేదు. తర్వాత పోశవ్వ కట్టెతో నేల మీద కొట్టి, "మంచిగన్నది! ఆడిదంటె గది" అన్నది. అందరూ ఒక్కసారి మాట్లాడారు. బుచ్చవ్వ చేతిలో దారం తెగింది. ఇంకో పోగు తీసుకుంది.

అప్పుడే నవనీత ఒడిలో ఫోన్ మోగింది. పొడుగాటి నంబరు, బయటి దేశానిది. ఆమె దాన్ని చూసింది, తెర మీద మూసుకుంటున్న తలుపును చూసింది. ఫోన్ కట్ చేసి చాట కింద పెట్టింది.

హనుమండ్లు అది చూశాడు. చూసినా ఏమీ తోచలేదు. ఆ రాత్రి ఆయన చాలా ఏండ్ల తర్వాత కడుపు నిండా తిన్నాడు.

శనివారం పొద్దున చల్ల కోసం వచ్చిన రమ గిన్నె పట్టుకొని గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇన్నవా అక్కా? గోపాల్ దొరికిండు. గల్ఫ్‌ల మా అల్లుడున్న ఊళ్లెనే ఉన్నడట. ఆడి సర్కారు మాఫీ ఇచ్చిందట. కాగితాలు లేనోళ్లు గీ నెలాఖరు లోపట పేరు రాయించుకుంటె జైలు లేకుండ ఇంటికి తోలుతరట. గోపాల్ పాస్‌పోర్టు కంపెనోడు గుంజుకున్నడు. దాని జిరాక్సు నవనీత పెట్టెల ఉన్నది. ఫొటో తీసి పంపుమని మంగళారం సంది కొడుతుండు, గీ పిల్ల ఫోన్ ఎత్తది!"

"నువ్వు జర చెప్పరాదే" అన్నది బుచ్చవ్వ.

"చెప్పలేదా? నూరవ్వ తలుపు తీసిందా, నేనెందుకు తియ్యాలె అన్నది." రమ నవ్వింది. "చూడు బావా, నీ నూరవ్వ ఎంత పని చేసిందో."

హనుమండ్లు నవ్వలేదు. గడియారం పక్కన క్యాలెండర్ చూశాడు. నెలాఖరుకు ఆ రోజుతో కలిపి నాలుగు రోజులు. తింటున్న సద్ది ముద్ద గిన్నెలో వదిలేసి లేచాడు.

చేనుకు పోలేదు. నేరుగా నవనీత ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో తునికాకు నీళ్లలో తడుపుతున్నది. "ఏంది మామా?" అన్నది. చెప్పాల్సిన మాట నాలుక మీదిదాకా వచ్చింది. అది నూరవ్వ మాట కాదమ్మా, నాది. ఆ తర్వాత ఆ పిల్ల, మరి నువ్వెందుకన్నావు అని అడుగుతుంది. దానికి ఏం చెప్పాలి? చెబితే ఊరంతా తెలుస్తుంది. బుచ్చవ్వకు తెలుస్తుంది.

"నీళ్లు" అన్నాడు.

ఆమె చెంబెడు తెచ్చింది. తాగి వచ్చేశాడు.

శని, ఆదివారాలు సీరియల్ రాదు. ఆ రెండు రోజులూ ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. తలుపు మూయించింది తనే కదా, తెరిపించేది కూడా తనే. సోమవారం నూరవ్వ చేత, పోనీలే రా లోపలికి అనిపిస్తే సరి. ఎవరికీ ఏమీ చెప్పక్కర లేదు.

సోమవారం మూడు గంటలకు చాటలు చేరాయి. నవనీత కూడా వచ్చి మూలకు కూర్చున్నది. సీరియల్ మొదలైంది. గడ్డపాయన మళ్లీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నూరవ్వ దగ్గరికి నడిచింది. హనుమండ్లు గొంతు సవరించుకున్నాడు.

"కోపంల అన్న మాట మనసుల పెట్టుకోకు అంటుంది. పాపం, నువ్వేం కష్టపడ్డవో..."

నూరవ్వ చెయ్యెత్తి ఆ మనిషి చెంప పగలగొట్టింది.

రమ ఇకఇకలు. "చెంప మీద కొట్టుకుంట పాపం అంటదా బావా? మస్కట్‌ల గట్లనే అంటరా?"

"లోపటికి... లోపటికి రమ్మంటుంది" అన్నాడు హనుమండ్లు.

నూరవ్వ అతని పెట్టెను వీధిలోకి విసిరేసింది. బట్టలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఇప్పుడు పోశవ్వ కూడా పండ్లు లేని చిగుళ్లతో నవ్వుతున్నది. నవనీత మాత్రం నవ్వలేదు. హనుమండ్లునే చూస్తున్నది. ఆ చూపు కింద ఆయనకు రేపు ఒక్కరోజే ఉన్న సంగతి గుర్తొచ్చింది. లేచి టీవీ నోరు మూయించాడు. బొమ్మ మాత్రం ఆడుతూనే ఉంది.

"నాకు రాదు" అన్నాడు.

"ఏంది రాదు?"

"గా బాస. మేకల్ని కొట్టుకునేంతనే వచ్చు. ఆమె ఏమంటుందో నాకేం ఎర్క? ఆమె పేరు నూరో కాదో గూడ ఎర్క లేదు. అన్ని నేను కల్పించినయే."

రమ నవ్వు సగంలో ఆగింది. "మరి మంగళారం గంత తిట్టినవు గదా, అది?"

హనుమండ్లు నవనీత దిక్కు తిరిగాడు. బుచ్చవ్వ దిక్కు తిరగడానికి ధైర్యం చాలలేదు.

"గవి నన్ను నేను తిట్టుకున్న తిట్లు బిడ్డా. మా కఫీలు మంచోడు. రెండు సార్లు టికెట్ ఇచ్చిండు. నేనే రాలే. నాకు ఆడ మంచిగనిపిచ్చింది. ఇంటికొస్తె నాకు చాప పరిచిరి. పరవకుంటే బాగుండు అని ఇన్నేండ్ల సంది... గది నూరవ్వ నోట్ల పెట్టిన. నేను టికెట్ ఉండి రాలే. గోపాల్‌కు కాగితమే లేదు. నా తిట్లు వానికి తగిలియ్యకు. రేపటితోని అయిపోతది."

అంత పొడుగు మాట ఆయన తనదిగా ఎన్నడూ మాట్లాడలేదు. టీవీలో నూరవ్వ చప్పుడు లేకుండా ఏడుస్తున్నది.

నవనీత లేచింది. ముఖం ఎర్రబడింది. "ఏందనుకున్నవు మామా నన్ను? నీ బొమ్మ చూసి తలుపేసుకుంటనా? నాకు నా కోపం లేదా? ఏడాదిన్నర నేను ఎట్లున్ననో నీ నూరవ్వకు ఎర్కనా?"

చాట అక్కడే వదిలి పోయింది. కాసేపటికి మిగతా ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే చాటలు ఎత్తుకున్నారు. రమ పోతూ పోతూ ఏదో అనబోయి, బుచ్చవ్వ ముఖం చూసి మింగేసింది. బుచ్చవ్వ ఆ పూట కట్టాల్సిన బీడీలు కట్టింది. కట్టలు లెక్కపెట్టి గంపలో పేర్చింది. పొయ్యి అంటించింది. ఆయనకు అన్నం పెట్టింది. చాలని ఆయన చెయ్యి అడ్డం పెడితే, ఆ చెయ్యి చూడనట్టు ఇంకో గంటెడు వేసింది.

మంగళవారం పొద్దున హనుమండ్లు చెవిలో వైరు పెట్టుకోలేదు. చేనులో ఉన్నా చేతులు పని మీద లేవు. మూడు గంటలకు ఇంట్లో ఎవరూ ఉండరనే ధైర్యంతో వచ్చాడు. వచ్చేసరికి ముందర్ర నిండా చాటలు.

"అబద్ధమైనా మంచిగుండె తమ్మి" అన్నది పోశవ్వ. "ఇంట్ల కూసుంటె చేతులాడుత లేవు."

నవనీత తన చాట దగ్గర కూర్చుని ఉన్నది. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. "రాత్రే పంపిన. అందిందట. పొద్దుగాల్ల సంది లైన్ల నిలవడ్డడట. రానీ. నేను అడిగేది మస్తున్నది."

హనుమండ్లు లోపలికి వచ్చాడు. కుర్చీ దిక్కు నడిచాడు. కుర్చీ ఖాళీగా లేదు. దాంట్లో బుచ్చవ్వ కూర్చుని ఉన్నది, చాట ఒడిలో పెట్టుకొని. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆమె ఆ కుర్చీలో కూర్చోగా ఆయన చూడలేదు.

"ఇయ్యాల నేను చెప్త" అన్నది.

"నీకేం వచ్చక్కా అరబ్బీ?" అన్నది రమ.

"ఆయనకు వచ్చినంత వచ్చు." బుచ్చవ్వ ముఖంలో నవ్వు లేదు. "మొదటి దినమే ఎర్క నాకు, కల్పిస్తుండని. ఎన్నడు మాట్లాడని మనిషి మాట్లాడుతుండు గదా అని ఊకున్న. టికెట్ ముచ్చటే ఎర్క లేకుండె."

హనుమండ్లు చాటల మధ్య నేల మీద కూర్చున్నాడు. తెర మీద నూరవ్వ, గడ్డపాయన ఒక బల్లకు ఇటొకరు అటొకరు కూర్చొని ఉన్నారు. నూరవ్వ ముఖం కడుక్కున్నట్టు తేటగా ఉంది. ఆమె నెమ్మదిగా ఏదో అడిగింది. మాటల్లో ఒకటి హనుమండ్లుకు అందింది. నీళ్లు. ఆ ఒక్కటే.

బుచ్చవ్వ తెరనే చూస్తూ చెప్పింది.

"ఆమె అడుగుతుంది. రెండోసారి టికెట్ ఇచ్చింది, మీ అవ్వ పోకముందా, పోయినంకనా అని."

చేతులన్నీ ఆగిపోయాయి. గడ్డపాయన ఏమన్నాడో ఎవరూ వినలేదు. హనుమండ్లు నోరు తెరిచాడు. గడ్డంతో చూపించే మాట కాదది, చేత్తో చెప్పేది కూడా కాదు.

"పోయినంక" అన్నాడు. "కబురొచ్చిన నాడే."

బుచ్చవ్వ చాటలోంచి ఇంకో ఆకు తీసుకొని, తంబాకు పోసి, చుట్టడం మొదలుపెట్టింది.

"ఇంకా అడుగుతుంది" అన్నది.